కేటలాగులో నూట పద్నాలుగో నంబరు

మదనపల్లె బస్టాండులో ఒక శుక్రవారం పొద్దున, పదీ ఇరవైకి, నేను రాహుకాలం కోసం దేవుడికి మొక్కుకున్నాను. అది తొందరగా రావాలని, వచ్చినాక కదలకుండా కూర్చోవాలని, వీలైతే సాయంత్రం దాకా ఉండిపోవాలని. నలభై ఏండ్లుగా రాహుకాలాన్ని ఎగతాళి చేస్తూ బతికినవాణ్ణి. ఆ పొద్దు దాని కాళ్లు ఎక్కడున్నాయో తెలిస్తే వంగి పట్టుకునేవాణ్ణి.

సంగతి మొదటినుంచి చెప్తాను.

నాకొక వ్యసనం ఉంది. పోస్టులో సామాన్లు పంపే కంపెనీల కేటలాగులు చదవడం. అందులోనూ వ్యవసాయం కేటలాగు. నాకున్న సేద్యమంతా మిద్దెమీద మూడు కుండీలు. వాటిలో రెండింట్లో మట్టి మాత్రమే ఉంది. అయినా ఆ కేటలాగులో ఉన్న ప్రతి వస్తువూ నాకు కంఠతా వచ్చు. కోతుల్ని బెదిరించే గొట్టం, కొబ్బరికాయలు ఒలిచే యంత్రం, గుడ్లు పొదిగే పెట్టె, ఎండతో నడిచే కంచె. ప్రతి బొమ్మలోనూ ఒక రైతు నిలబడి నవ్వుతుంటాడు. చొక్కా ఇస్త్రీ చెదరదు, కాలికి బురద అంటదు. టమోటా ధర ఎప్పుడూ పడిపోని దేశం ఏదో ఉంది, వాళ్లంతా ఆ దేశపువాళ్లు.

ఇవన్నీ ఫోన్లో చూడొచ్చుగదా అంటారు. ఫోన్లో మనం ఒక వస్తువును చూస్తే, అది తిరిగి మనల్ని చూస్తుంది. ఒకసారి పొరపాటున కుక్కరు చూసినందుకు నెలరోజులు ఆ కుక్కరు నా వెంటబడింది. వార్తలు చదువుతుంటే పక్కన కూర్చుంది, వాన పడుతుందో లేదో చూస్తుంటే ముందుకొచ్చి నిలబడింది. పుస్తకం అట్లా కాదు. మూస్తే మూసుకుంటుంది, మన ఇంటిదాకా రాదు. ఇది నా ఘనమైన నమ్మకం. ఎంత తప్పో మీరే చూస్తారు.

మా ఇంట్లో ఈ పుస్తకాల మీద నిషేధం ఉంది. అటక వాటి బరువుకు వంగిందని మా ఇంటావిడ అంటుంది. వంగిన మాట నిజమే, అయితే మూరెడు కంటే ఎక్కువ వంగలేదు. "ఇంకొక్క పుస్తకం ఈ గడప దాటితే, నేనైనా ఉండాల, అదైనా ఉండాల" అంది. ఎవరు ఉండాలో ఆలోచించుకోవడానికి నేను కాస్త ఎక్కువ సమయం తీసుకున్నాను. ఆ తర్వాత జరిగింది రాయను. మొత్తానికి కేటలాగు వచ్చే చిరునామా కుప్పం దగ్గర ఊళ్లో ఉండే మా అక్క ఇంటికి మారింది.

మా అక్క నాకంటే పన్నెండేండ్లు పెద్ద. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆమే. బావ పోయి నాలుగేండ్లయింది. రెండు ఆవులతో ఒక్కతే ఉంటుంది. మూడు నెలలకొకసారి నేను పోయి, ఆమె ఇంటి పంచలో నులకమంచం వేసుకుని, పుస్తకం కడుపుమీద పెట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదువుతాను. పెన్సిలుతో గీతలు కొడతాను. చివర్న ఆర్డరు కార్డు ఉంటుంది. దాన్ని నింపడం పెండ్లి భోజనం తర్వాత తాంబూలం లాంటిది. ఆ కార్డులో వస్తువు పేరు రాయబళ్లేదు, నంబరు వేస్తే చాలు. నంబరు వేసి, అక్క చిరునామా రాసి, కింద జిల్లా కలెక్టరు కూడా చెయ్యలేనంత పెద్ద సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటాను. కుప్పం బస్టాండు చేరినాక చింపి పారేస్తాను. అంతే. ఇన్నేండ్లలో నేను ఆ కంపెనీ దగ్గర ఒక గుండుసూది కొనలేదు. కొనాలనే కోరికే లేదు. చూసేదే సుఖం, తెప్పించుకుంటే మళ్లీ దాన్ని యాడ పెట్టేది?

పోయినసారి మాత్రం బస్సు తొందరలో కార్డును పుస్తకంలోనే మరిచిపోయి వచ్చేశాను.

ఆ శుక్రవారం ఆఫీసులో టీ గ్లాసు అప్పుడే చేతిలోకి వచ్చింది. అక్క ఫోను.

"ఒరే అబ్బోడా, బిన్నే మాట్లాడు. పొద్దున్నించి కరెంటు లే, ఫోన్లో చార్జి ఒగే గీత ఉండాది. నీ పార్సిలు వచ్చిండాది."

"నా పార్సిలా? నేనేం తెప్పించలేదే యక్కా."

"తెప్పించినావులే. నువ్వు రాసి మర్చిపోయిండే కార్డు నేనే పోస్టు డబ్బాలో ఏసినా. దుడ్డు గూడా కట్టేసినా, నువ్వేం ఇయ్యబళ్లే. ఆటో ఆయప్ప ఇప్పుడే దించిపోయినాడు, గోనెపట్ట సుట్టి కుట్టిండారు. తెరిచేదా? ఇంగ కాసేపటికి రాహుకాలం వస్తాండాది."

ఇక్కడ నా నోటి గురించి చెప్పాలి. దానికి నాతో సంబంధం లేదు. రాహుకాలం అనే మాట వినబడితే చాలు, అది తనంతట తాను తెరుచుకుంటుంది.

"రాహుకాలం లే గీహుకాలం లే. కొడవలి తీసుకోని టక్కున కోసి సూడు" అన్నాను.

"అట్లనే. ఒరే, ఇంగొకటి. ఇది గుయ్యిమంటాండాది."

"ఏందీ?"

"గుయ్యి అని. మోటరు మాదిరి. చెయ్యి పెడితే ఎచ్చగా గూడా..."

ఫోను ఆగిపోయింది. ఆ ఒక్క గీతా ఆరిపోయింది.

నేను టీ ఒక గుక్క తాగాను. తాగుతూనే మనసులో కేటలాగు పేజీలు తిప్పాను. గుయ్యిమనేది ఏముంది అందులో? నూట తొమ్మిది, గుడ్లు పొదిగే పెట్టె. దానికి కరెంటు కావాల. నూట పన్నెండు, మందు కొట్టే బ్యాటరీ మిషను. అది మీట నొక్కితేగాని మోగదు. నూట పదమూడు, పాలు పితికేది...

రెండో గుక్కకు ఎత్తిన గ్లాసును దించేశాను.

నూట పద్నాలుగు. తేనెటీగల పెట్టె. ఈగలతో సహా. రాణితో కలిపి. బొమ్మలో ఒక మనిషి ముఖం నిండా వల కప్పుకుని పెండ్లికొడుకు మాదిరి నిలబడి ఉంటాడు. ఆ వల ముచ్చటగా ఉందని నేను ఆ నంబరు వేశాను.

మీకు ఇంకొక సంగతి తెలియాలి. ఆరేండ్ల కిందట మొక్కజొన్న చేలో మా అక్కను ఒక కందిరీగ కుట్టింది. ఒకే ఒకటి. దీన్ని నేను పెంచి చెప్పడం లేదు, పెంచే ధైర్యం నాకు లేదు. పావుగంటలో ముఖం ఉబ్బి కండ్లు మూసుకుపోయాయి, పెదాలు నీలంగా తిరిగాయి, ఊపిరి ఈల మాదిరి వచ్చింది. కుప్పంలో డాక్టరమ్మ సూదిమీద సూది వేసి బతికించింది. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ఈమెకు కందిరీగ, తేనెటీగ లాంటివాటి విషం పడదు. ఇంకొకసారి కుడితే ఆస్పత్రి దాకా వచ్చే టైం ఉంటుందని నేను చెప్పలేను" అంది.

ఆ అక్క ఇంట్లో, కొడవలి చేతికి అందేంత దూరంలో, నా సంతకంతో, కొన్ని వేల ఈగలు దిగి ఉన్నాయి. పైగా తెరువమని నేనే చెప్పాను.

ఆఫీసు నుంచి బస్టాండుకు ఎట్లా పోయానో తెలియదు. దారిలో ఒక బుల్లెట్టు బండిని దాటేశానని తర్వాత చూసినవాళ్లు చెప్పారు. కుప్పం బస్సు కదులుతుంటే ఎక్కాను. ఎక్కి ఫోను చేశాను. "మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు." మళ్లీ చేశాను. ఆ అమ్మాయి గొంతు ఎంత చల్లగా ఉందంటే నా ఒళ్లు గడ్డకట్టింది.

నా ఫోన్లో ఉన్న ఇంకో కుప్పం నంబరు పాల కేంద్రం ఆయనది. ఆయన ఎత్తాడు.

"సార్, నేను తిరుమల కొండమీద ఉండా. గుండు గీస్తాండారు సార్, తల కదిలించగూడదంట. మళ్లా చేస్తా."

పోలీసులకు చెప్దామా అనుకున్నాను. "మా అక్క ఇంట్లో ఒక పార్సిలు గుయ్యిమంటోంది" అంటే, బాంబు అనుకుని మండలమంతా ఖాళీ చేయించి, ముందుగా ఆ పెట్టెనే తెరుస్తారు. మానుకున్నాను.

ఇక మిగిలింది రాహుకాలం. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా. మా అక్క ఆ వేళలో ఉప్పు పొట్లం కూడా విప్పదు. కానీ నేను తెరువమన్నాను కదా, పదిన్నరకు ముందే నా మాట విని ఉంటే? నేను పుట్టినప్పటినుంచి నా మాట ఒక్కటీ వినలేదు ఆమె. ఈ ఒక్కసారి కూడా వినకూడదని మొక్కుకున్నాను.

టమోటా లారీలు మార్కెట్టు యార్డు దగ్గర దారికి అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాన్లో ఎన్ని ట్రేలున్నాయో పైకి చూస్తే మెడ పట్టేస్తుంది. మా బస్సు వాటి మధ్యలోంచి గర్భిణీ స్త్రీ మాదిరి నడిచింది. నా గుండె చప్పుడుకు ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి, "ఫోను మోగతాండాది, ఎత్తప్పా" అన్నాడు.

పుంగనూరు పొలిమేరలో బస్సు ఆగింది. ఎందుకని తొంగి చూస్తే, రోడ్డు మధ్యలో ఒక పుంగనూరు ఆవు. మోకాలంత ఉంటుంది, దాని తీరిక మాత్రం ఏనుగంత. డ్రైవరు హారను కొట్టలేదు, పైగా ఫోను తీసి దాన్ని ఫొటో పట్టాడు. "పిల్లది, పాపం" అన్నారు ఆడవాళ్లు. అది నాకంటే పెద్దదని దాని కొమ్ములు చూస్తేనే తెలుస్తోంది. పదకొండుంబావు. ఆ పొట్టి ఆవు దాటిపోవడానికి పట్టిన సమయంలో నేను ఐదు కేజీలు తగ్గాను.

పుంగనూరులో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. తెల్లపంచ, భుజాన కంబళి, గొర్రెల వాసన. నా ముఖం చూసి సంచి సర్దుకున్నాడు.

"ఏమప్పా, కక్కొస్తాండాదా? కిటికీ పక్కకు జరుగు."

"లేదప్పా. రాహుకాలం ఎప్పుడు పోతాది?"

"పన్నెండుకి. యాల? ఏమన్నా శుభకార్యమా?"

"పోకుండా ఉంటే బాగుండు."

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. రాహుకాలం పోగూడదని కోరుకునే మనిషిని ఆయన తన అరవై డెబ్బై ఏండ్లలో చూడలేదు. సంగతి చెప్పేశాను. అక్క, ఈగలు, కార్డు, అన్నీ. చెప్పేసరికి బస్సు పెద్దపంజాణి ఊరు కూడా దాటింది. అప్పుడు ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని అన్నాడు.

"ఈ పొద్దు పన్నెండుంబావు నుంచి రెండు దాకా వర్జ్యం ఉండాది. మీ యక్క వర్జ్యం సూస్తాదా?"

నలభై ఏండ్లుగా ఆమె పంచాంగాన్ని ఎగతాళి చేయడమే తప్ప, ఏమేం పాటిస్తావని ఒక్కసారి అడగలేదు. రాహుకాలం చూస్తుందని తెలుసు. పొయ్యేటప్పుడు పిల్లి ఎదురైతే నీళ్లు తాగి కూర్చుంటుందని తెలుసు. వర్జ్యం సంగతి తెలియదు. తోడబుట్టిన అక్క గురించి ఇంత ముఖ్యమైన సంగతి తెలియకుండా యాభై దాటాను.

"తెలీదప్పా" అన్నాను.

"సదువుకున్నోళ్లతో ఇదే బాధ" అన్నాడాయన. "రాహుకాలం పోయినాక పావుగంట ఉండాది మధ్యలో. ఆ పావుగంట గడిస్తే నీ అదృష్టం."

పలమనేరులో గడియారం చూసుకోగూడదని కండ్లు మూసుకున్నాను. మూసుకున్నా లాభం లేదు, కచ్చితంగా అప్పుడే పన్నెండు గంటల వార్తలు మొదలయ్యాయి డ్రైవరు దగ్గర. ఆ పావుగంట ఎట్లా గడిచిందో చెప్పలేను. ఆ పావుగంటలో అక్క ఏడుసార్లు కొడవలి ఎత్తింది నా కండ్లముందు. పెద్దాయన తన సంచిలోంచి శనక్కాయలు తీసి నా చేతిలో పోశాడు. వాటిని తొక్కలతో కూడా తినేశాను.

వి.కోట దాటినాక ఫోను చేస్తే ఆ అమ్మాయి కన్నడంలో చెప్పింది, అందుబాటులో లేరని. ఇంకో అరగంటకు చేస్తే తమిళంలో చెప్పింది. కొండలు దగ్గరయ్యేకొద్దీ ఏ రాష్ట్రం టవరు దొరికితే ఆ భాషలో భయపెడుతోంది. మూడు రాష్ట్రాలు కలిసి ఒక్క మాట మీద ఉండటం నా జన్మలో అదే మొదలు.

కుప్పంలో దిగి ఆటో ఎక్కినప్పుడు ఒకటీ యాభై. "ఎంతైనా ఇస్తా, ఎగిరిపో" అన్నాను. ఆటోవాడు నిజంగానే ఎగిరించాడు, ప్రతి గుంతలోనూ. అక్క వీధి మలుపులో ఆంబులెన్సు లేదు. జనం లేరు. ఏడుపు లేదు. ఆవులు రెండూ నెమరు వేస్తున్నాయి. ఇవన్నీ మంచి గుర్తులని అనుకోబోయి, ఎవరూ చూడలేదేమో, అందుకే జనం లేరేమో అని మళ్లీ చచ్చాను.

గేటు దగ్గరనుంచి పంచ కనబడింది. పీట మీద పెట్టె. పెట్టెకు పసుపు, నాలుగు మూలలా కుంకుమ బొట్లు, పైన మూరెడు మల్లెపూలు. పక్కన నేలమీద మా అక్క, కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని అలచందలు ఏరుకుంటోంది. కొడవలి చేట పక్కన ఉంది. నన్ను చూసి ముఖమంతా నవ్వింది.

"నువ్వే వచ్చినావే! మంచిదాయె. కరెంటు వస్తే తెరుస్తామని కూసోనుండా. కరెంటు లేందే మిషను తెరిచి ఏం సేసుకునేది?"

ఒక చెయ్యి పైకెత్తాను.

ఆ క్షణంలో కరెంటు వచ్చింది.

పంచలో బల్బు వెలిగింది, లోపల ఫ్యాను కిర్రుమంది. జీవితమంతా కరెంటు వస్తే చప్పట్లు కొట్టిన మనిషిని నేను. "వచ్చెరా!" అని అక్క చేట పక్కన పెట్టి కొడవలి అందుకుంది. నేను గేటు తీసుకుని పోలేదు, ఎక్కి దూకాను. నా వయసుకు, నా పొట్టకు ఆ గేటు కొండంత. నేను పంచ చేరేలోపల కొడవలి కొన గోనెపట్ట కుట్టులో దిగి జానెడు కోసింది. ఆ జానెడు సందులోంచి మూడు ఈగలు బయటికి వచ్చి, ఎండ చూసుకుని, మల్లెపూల మీద కూర్చున్నాయి.

దండెం మీద దుప్పటి ఉంది. దాన్ని లాగి, అక్క తలమీదినుంచి కాళ్లదాకా కప్పి, మనిషిని అట్లనే మూట మాదిరి ఎత్తి లోపలి గదిలోకి తోసి, బయట గడియ పెట్టాను. నన్ను సాకిన మనిషిని. లోపలినుంచి ఆమె తలుపు బాదుతూ తిట్టిన తిట్లు అచ్చులో రావు.

"ఒరే, నీకేం దయ్యం పట్టిందిరా! తలుపు తీయ్! మిషను నువ్వే ఎత్తకపోతావా, నేనేమన్నా అడిగినానా!"

"యక్కా, కిటికీ మూసుకో! అది మిషను కాదు. తేనీగలు!"

లోపల చప్పుడు ఆగిపోయింది. ఆమెకు కందిరీగ గుర్తొచ్చింది. నాకు తెలుసు, తలుపుకు ఆ పక్క ఆమె ఊపిరి వినబడుతోంది. కిటికీ రెక్క పడింది.

నేను అక్క కోసిన సందును అరచేత్తో మూసి, పెట్టెను గుండెలకు హత్తుకుని, పంచ దిగి, ఆవుల కొట్టం దాటి, అవతలి మామిడితోటలోకి నడిచాను. అది నిజంగా గుయ్యిమంటూనే ఉంది, నా ఎముకల్లో. అరచేతిలో ఒకటి కుట్టింది, ముక్కు మీద ఒకటి, చెవి తమ్మె మీద ఒకటి. మూడు వందలని చెప్పాలని ఉంది. మూడే. పెట్టెను వదల్లేదు. తోటాయన చూసి, ఏమీ అడక్కుండా, పెట్టె అందుకుని ఒక చెట్టు నీడలో దించాడు. ఆయన కుటుంబంలో ఈగలు పెంచేవాళ్లున్నారంట. అది ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

తిరిగొచ్చి, పంచలో ఒక్క ఈగ కూడా లేదని నాలుగుసార్లు చూసుకుని, పెట్టె మీదినుంచి జారిపడిన మల్లెపూలు కూడా దులిపి పారేసి, తలుపు ముందర కూలబడ్డాను. గడియ తీసే ధైర్యం ఇంకా రాలేదు. తలుపులోంచే మాట్లాడుకున్నాం.

"నిన్నేమన్నా కుట్టినాయారా?"

"ఒకటో రెండో."

"సున్నం పూసుకో. గూట్లో ఉండాది." ఆ వెంటనే, "తేనీగలు యాల తెప్పిస్తివిరా?" అంది.

నేను తెప్పించలేదని, కార్డు నింపేది ఉత్త సరదాకని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నన్ను చెప్పనియ్యలేదు.

"ఇన్నేండ్లుగా సూస్తాండా. వస్తావు, పుస్తకం సూస్తావు, కార్డు రాస్తావు, మడిచి జోబీలో పెట్టుకోని పోతావు. ఒక్కటి గూడా తెప్పించవు. చిన్నప్పుడు అంగట్లో మిఠాయి సూసి, అడక్కుండా ఇంటికొచ్చేవాడివే, అట్లనే. ఇంట్లో ఖర్చులుండాయి, పిలకాయల సదువులుండాయి, పాపం ఆపుకుంటాండాడు అనుకుంటి. ఈసారి కార్డు ఈడనే ఇడిచిపోతివి. దేవుడే ఇడిపించినాడని ఏసేసినా."

ఉబ్బిన ముక్కుతో నేను ఆ తలుపును చూస్తూ కూర్చున్నాను. బస్సులో పడిన భయం అంతా ఒక ఎత్తు, ఇది వినడం ఒక ఎత్తు. నా సరదా ఆమె కంటికి ఆకలి మాదిరి కనబడింది, ఇన్నేండ్లూ. ఆ ఆకలి తీర్చబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంది.

"మంచి పని చేసినావులే యక్కా" అన్నాను. "నాకు అదంటే శానా ఇష్టం."

"ఇష్టమైతే యాల పారేసొచ్చినావు?"

"పారెయ్యలేదు. తోటలో పెట్టినా. పోయి సూసుకుంటా ఉంటా."

గడియ తీశాను. ఆమె బయటికి వచ్చి, నా ముక్కు చూసి, మొదట ఏడ్చింది, తర్వాత నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"అది సరే, నువ్వు వర్జ్యం సూస్తావా?" అని అడిగాను సున్నం పూయించుకుంటూ.

"సూడను. యాల?"

పొద్దున్నుంచి కరెంటు తీసేసిన ఆఫీసువాళ్లకు కూర్చున్నచోటినుంచే దండం పెట్టుకున్నాను.

మూడు నెలలకు కొత్త కేటలాగు వచ్చింది. పోయాను. అక్క దాన్ని నా చేతిలో పెట్టింది. చివర్న కార్డు ఉండే చోట చుక్కల గీత వెంబడి నున్నగా చింపేసి ఉంది. "కార్డు నా దగ్గర ఉండాది" అంది. "ఏం కావాలో నోటితో సెప్పు. ఏందో తెలుసుకోని నేనే తెప్పిస్తా."

"ఏమీ వద్దు యక్కా" అన్నాను.

నమ్మలేదు. నులకమంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. అప్పటినుంచి నేను పేజీ తిప్పినప్పుడల్లా ఆమె పుస్తకం చూడదు, నా ముఖం చూస్తుంది. నా కండ్లు ఎక్కడ ఆగుతాయో అని. ఎండతో నడిచే కంచె కొత్త రకం వచ్చింది, బొమ్మ ఎంత బాగుందంటే లోపల ప్రాణం లేచి కూర్చుంది. పక్కన ఆమె మెల్లగా పీట దగ్గరికి జరుపుకుంది.

నేను కుళ్లిపోయిన టమోటాను చూసినట్టు ముఖం చిట్లించి, పేజీ తిప్పేశాను.